పూట దాటని పాలు, ఏడాది దాటే నెయ్యి

కందిపప్పు డబ్బాలో పోసి మూత బిగిస్తే ఏడాది ఉంటుంది. బియ్యం పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, పసుపు అన్నీ ఏడాదికి సరిపడా కొని అటకెక్కించే సరుకులే. పాల సంగతి వేరు. రోహిణీ కార్తెలో తెల్లవారుజామున పితికిన పాలు కాచకుండా గట్టు మీద వదిలేయండి, మధ్యాహ్నం భోజనాల వేళకి అవి పనికిరావు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. పాలు నిలవ ఉంచడానికి తయారైన సరుకు కాదు. పొదుగులోంచి దూడ నోట్లోకి, గాలి కూడా తగలకుండా వెళ్ళాల్సిన తిండి. మధ్యలో మనం చెంబు పెట్టాం. పెట్టిన రోజు నుంచీ మనకి ఒకటే చింత: వీటిని సాయంత్రం దాకా ఉంచడం ఎలా? రేపటి దాకా ఎలా? వచ్చే నెల దాకా ఎలా? పెరుగు, వెన్న, నెయ్యి, కోవా, పన్నీరు, పాలపొడి అన్నీ ఆ చింతలోంచి పుట్టినవే. రుచి తరవాత కలిసొచ్చిన లాభం. ఇవాళ ఆ కబుర్లే చెప్పుకుందాం.

చెంబు పెట్టామన్న మాటే గానీ దూడని పూర్తిగా తప్పించలేకపోయాం. దాన్ని ఒక్క నిమిషం వదిలితేనే గేదె చేపుతుంది. దూడ మూతి పొదుగుకి తగలగానే గేదె మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి దిగుతుంది. అది పొదుగులోని పాల గూళ్ళ చుట్టూ ఉన్న సన్నని కండరాల్ని బిగిస్తుంది, పాలు కిందికి జారతాయి. ఈ పని కొద్ది నిమిషాలే సాగుతుంది. అందుకే గేదె చేపాక పక్కవాళ్ళతో ముచ్చట్లు పెట్టుకోకుండా గబగబా పితకాలి. ఇంకో సంగతి, మొదటి ధారలు పల్చన, చివరి ధారల్లో వెన్న ఎక్కువ. ఆఖర్న దూడకి కాసిని పాలు వదిలే రైతు దానికి మంచి వాటానే వదులుతున్నాడన్నమాట.

చెంబులో ఏముంది?

ఆవుపాలల్లో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని గోల పెడతాం గానీ, అతని కంటే ముందు ఆవే కలిపి ఇచ్చింది! మిగతా 13 పాళ్ళలో కొవ్వు సుమారు 4, మాంసకృత్తులు 3 పైచిలుకు, లాక్టోజ్ అనే చక్కెర 5కి కాస్త తక్కువ, ఖనిజాలు ముప్పాతిక. గేదెపాలల్లో నీళ్ళు 83 దగ్గర ఆగుతాయి, వెన్న 7 దాకా పోతుంది. జాతిని బట్టి, మేతని బట్టి, ఈనిన తరవాత ఎన్నాళ్ళైందన్న దాన్ని బట్టి ఈ లెక్కలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి.

"తాతయ్యా, నీళ్ళకి రంగు లేదు, చక్కెర కలిపిన నీళ్ళకీ లేదు, కాచిన నెయ్యేమో పసుపు. మరి పాలు తెల్లగా ఎందుకున్నాయి?" అని అడిగింది మా మనవరాలు. అడగవలసిన ప్రశ్నే.

పాల మాంసకృత్తుల్లో నూటికి 80 వంతులు కేసీన్. ఇది విడివిడిగా కరిగి ఉండదు. వేల అణువులు కలిసి చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుని ఉంటుంది. ఒక్కో ఉండ మిల్లీమీటరులో పదివేలవ వంతో, అంతకి కాస్త ఎక్కువో. తుమ్మ పువ్వు చూశారు కదా, గుండ్రంగా, ఒంటినిండా నూగుతో? ఈ కేసీన్ ఉండని ఇంచుమించు అలా ఊహించుకోండి. లోపల కాల్షియం, ఫాస్ఫేటు ఇరికించుకుని ఉంటుంది. మామూలుగా నీళ్ళలో కరగని ఆ ఖనిజాన్ని దూడ ఎముకలకి మోసుకుపోయే ఏర్పాటు ఇదే. వంద మిల్లీలీటర్ల పాలల్లో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉండడం ఈ ఉండల పుణ్యమే. పైనున్న నూగుకి రుణ విద్యుదావేశం ఉంటుంది. అందువల్ల ఒక ఉండ దగ్గరికి ఇంకో ఉండ వస్తే రెండూ తోసుకుంటాయి, అతుక్కోవు. ఈ నూగు సంగతి గుర్తుపెట్టుకోండి. పాలు విరగడం, తోడుకోవడం అన్నీ దీనితోనే ముడిపడి ఉన్నాయి.

ఈ ఉండలకి తోడు కొవ్వు బొట్లు ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యో వంతు మొదలు వందో వంతు దాకా. లోపలికి వచ్చిన వెలుగు ఈ ఉండల్నీ బొట్లనీ తగిలి అన్ని రంగులూ అన్ని దిక్కులా చెదిరిపోతుంది. అన్ని రంగులూ కలిసి కంటికి చేరితే తెలుపే. వెన్న తీసేసిన పాలు కాస్త నీలంగా కనిపిస్తాయి, ఎందుకంటే మిగిలిన చిన్న ఉండలు నీలపు వెలుగుని ఎక్కువగా చెదరగొడతాయి. ఆవుపాలకి లేత పసుపు ఛాయ పచ్చగడ్డిలోని కెరోటిన్ వల్ల వస్తుంది. అదే గడ్డి తిన్న గేదె ఆ కెరోటిన్‌ని రంగులేని విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది. అందుకే గేదెపాలు, గేదెనెయ్యి తెలుపు, ఆవునెయ్యి పసుపు.

పొంగు, దాలి, పాస్టర్

కొత్తింట్లో చేరితే మనం ముందు పాలు పొంగిస్తాం. నీళ్ళు ఎందుకు పొంగించం? పొంగవు కనుక. నీళ్ళు మరిగేటప్పుడు ఆవిరి బుడగలు పైకొచ్చి టప్పున పగిలిపోతాయి. పాలల్లో ఆ బుడగల చుట్టూ మాంసకృత్తుల పొర ఏర్పడి అవి పగలవు. ఒకదాని మీద ఒకటి నురగగా పేరుకుంటాయి. పైన అప్పటికే మీగడ తెట్టు కట్టి ఉంటుంది. వేడికి పైపైన నీరు ఆవిరై, మాంసకృత్తులూ కొవ్వూ కలిసి కట్టిన తెట్టు అది. కింద నుంచి ఆవిరి, పైన మూత. ఇంకేముంది, గిన్నె దాటడమే. చెక్క గరిటె అడ్డంగా పెడితే ఆ తెట్టూ నురగా అక్కడ తెగి ఆవిరికి దారి దొరుకుతుంది. మంట ఎక్కువైతే గరిటె కూడా ఆపలేదు లెండి, దగ్గర నిలబడాల్సిందే.

దగ్గర నిలబడే తీరిక లేని రోజుల్లో పల్లెటూళ్ళలో దాలి ఉండేది. పెరట్లో ఓ మూల గుంట తవ్వి, పిడకలు పేర్చి నిప్పు పెట్టేవారు. మంట ఉండదు, నివురు కప్పిన సెగ మాత్రం పొద్దుగూకే దాకా ఉంటుంది. పొద్దున్నే పాలకుండ దాని మీద పెట్టి ఆడవాళ్ళు పొలం పోయేవారు. సాయంత్రానికి పాలు చిక్కబడి, ఎర్రటి ఛాయ తిరిగి, పైన వేలెడు మందాన మీగడ కట్టేవి. ఆ మీగడకి కాస్త పొగవాసన కూడా ఉండేది. ఎరుపు ఎలా వచ్చిందంటారా? పాల చక్కెర, మాంసకృత్తులు సెగ మీద చాలాసేపు కలిసి ఉంటే వాటి మధ్య ఒక రసాయన చర్య జరుగుతుంది. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మైయార్ దీన్ని వివరించాడు, అతని పేరే దానికి పెట్టారు. కోవా కమ్మదనం, దోసె అంచు ఎరుపు, వేయించిన కాఫీ గింజల వాసన అన్నిటిలోనూ ఆ చర్య ఉంది.

దాలిలో ఎరుపు కంటే పెద్ద విశేషం ఇంకోటి ఉంది. రోజంతా పాలు వేడి దిగకుండా ఉండడం వల్ల సూక్ష్మజీవులకి పెరిగే సందు దొరకలేదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పగటిపూట పాలు కాపాడే ఉపాయం అది. ఇదే సంగతిని లెక్క కట్టి చెప్పినవాడు లూయీ పాస్టర్. 1860లలో వైన్ చెడిపోకుండా ఉండడానికి దాన్ని మరిగించక్కర్లేదు, అంతకంటే తక్కువ వేడి చాలని తేల్చాడు. ఆ పద్ధతి పాలకి వాడమని 1886లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ సూచించాడు. ఇప్పుడు డెయిరీల్లో 72 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 15 సెకన్లు, లేదా 63 దగ్గర అరగంట ఉంచుతారు. క్షయ, బ్రూసెల్లోసిస్ తెచ్చే క్రిములు దాంతో చస్తాయి. మొండి క్రిములు కొన్ని, వాటి బీజాలు మిగులుతాయి. అందుకే ప్యాకెట్ పాలు కూడా చల్లగా ఉంచకపోతే చెడతాయి. బయట నెలల తరబడి ఉండే అట్టపెట్టె పాలని 135 డిగ్రీలు దాటించి రెండు మూడు సెకన్లు ఉంచి, క్రిమి లేని పెట్టెలో గాలి చొరకుండా మూస్తారు.

"నిన్న బాగానే ఉన్నాయే!"

పాలు విరిగినప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఇది. చల్లగా ఉన్నప్పుడు చూశాం, వాసన లేదు, గడ్డ లేదు. పొయ్యి మీద పెట్టగానే ముక్కలు ముక్కలు. ఏం జరిగింది?

పాలల్లోకి చేరిన బాక్టీరియా లాక్టోజ్‌ని తిని లాక్టిక్ ఆమ్లం విడుస్తాయి. ఈ ఆమ్లాన్ని 1780లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ షీలే పులిసిన పాలనుంచే వేరుచేశాడు. ఎండాకాలపు వేడిలో ఒక బాక్టీరియా అరగంటకొకసారి రెండవుతుందనుకోండి. పది గంటల్లో 20 సార్లు రెట్టింపు. ఒక్కటి పది లక్షలు దాటుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ కేసీన్ ఉండల నూగు మీది విద్యుదావేశం తగ్గుతుంది, తోసుకోవడం మానేస్తాయి. పచ్చిపాల పీహెచ్ 6.6 దగ్గర ఉంటుంది. అది 4.6కి దిగితే వేడి లేకుండానే గడ్డకడతాయి. కానీ 5.8 దరిదాపుల్లోకి దిగినా చాలు, పొయ్యి సెగ తోడైతే విరిగిపోతాయి. మీరు చల్లగా చూసినప్పుడు పాలు సరిగ్గా ఈ మధ్య స్థితిలో ఉన్నాయన్నమాట. పాలశీతల కేంద్రాల్లో కూడా అనుమానం ఉంటే గాజు గొట్టంలో కాసిని పాలు మరిగించి చూస్తారు. విరిగితే ఆ క్యాను వెనక్కే.

పరమాన్నం విరగడానికీ ఇదే కారణం. బెల్లంలో సహజంగానే కొంత ఆమ్లం, ఖనిజ లవణాలు ఉంటాయి. ఉడుకుతున్న పాలల్లో బెల్లం వేస్తే వేడీ పులుపూ ఒకేసారి కేసీన్ మీద పడతాయి. అందుకే అనుభవమున్నవాళ్ళు అన్నం పాలల్లో మెత్తగా ఉడికాక దించి, కాస్త చల్లారనిచ్చి, అప్పుడు బెల్లం పాకం కలుపుతారు. పంచదారకి ఈ బాధ లేదు. మజ్జిగపులుసులో శనగపిండో బియ్యప్పిండో కలపడం వెనకా ఇలాంటి తెలివే ఉంది. పిండి ఉడికి చిక్కబడి కేసీన్ ముక్కలు ఒకదాన్నొకటి చేరకుండా మధ్యలో అడ్డుపడుతుంది.

కావాలని విరగ్గొడితే అదీ ఒక వంటే. మరిగే పాలల్లో నిమ్మరసం పిండి, గుడ్డలో వడకట్టి, బరువు పెడితే పన్నీరు. బరువు పెట్టకుండా మెత్తగా పిసికితే బెంగాలీల, ఒడియాల ఛెనా. కలకత్తాలో నవీన్ చంద్ర దాస్ 1868లో రసగుల్లా చేశాడని బెంగాలీలు, పూరీ జగన్నాథుడికి అంతకు ముందే నైవేద్యం పెడుతున్నామని ఒడియాలు వాదించుకుని, చివరికి 2017లో బెంగాల్ రసగుల్లాకీ 2019లో ఒడిశా రసగోలాకీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. తినేవాడికి రెండూ లాభమే. వడకట్టాక మిగిలిన విరుగుడు నీళ్ళు పారబోయకండి, చపాతీ పిండి కలపండి. కరిగే మాంసకృత్తులు కొన్ని అందులోనే ఉండిపోతాయి.

ఎండబెట్టిన కేసీన్‌ని ఫార్మాల్డిహైడ్‌లో నానబెడితే కొమ్ములా గట్టిపడుతుందని 1890ల చివర జర్మనీలో కనిపెట్టారు. ఒకప్పుడు ఐరోపాలో చొక్కా గుండీలు, ఫౌంటెన్ పెన్నులు దాంతో చేశారు. పాలు నిలవ ఉంచడంలో ఇంతకంటే దూరం పోయినవాళ్ళు లేరు!

తోడు

విరగడం శత్రువు పని, తోడుకోవడం మిత్రుడి పని. రెండింటిలోనూ జరిగేది ఆమ్లం పుట్టడమే. తేడా ఎవరు పుట్టించారు, ఎంత నిదానంగా పుట్టించారు అన్నదాంట్లో ఉంది. నిదానంగా, కదలకుండా పులిస్తే కేసీన్ ఉండలు గొలుసులుగా అల్లుకుని నీటినంతా తమ మధ్య పట్టి ఉంచుతాయి. అదే గడ్డపెరుగు. అంతేకాదు, ఒకసారి లాక్టిక్ బాక్టీరియా పాలని ఆక్రమించి పులుపు చేశాక, రోగాలు తెచ్చే క్రిములు చాలావాటికి అక్కడ చోటు ఉండదు. పులుపే కాపలా.

మంచి పెరుక్కి పాలు ముందు బాగా కాగాలి, క్రిములు చావడానికి మాత్రమే కాదు. 70 డిగ్రీలు దాటితే పాలల్లో కరిగి ఉన్న బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే మాంసకృత్తు విచ్చుకుని కేసీన్ ఉండలకి అతుక్కుంటుంది. దాంతో అల్లిక గట్టిపడి నీరు వదలదు. పచ్చిపాలు తోడేస్తే పెరుగు జారుగా ఉండేది ఇందుకే. ఆ తరవాత చల్లార్చాలి. చిటికెన వేలు ముంచితే వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. అంటే 40 డిగ్రీల చుట్టుపక్కల. 50 దాటితే తోడులోని బాక్టీరియా దెబ్బతింటాయి, మరీ చల్లగా ఉంటే పని మొదలెట్టవు. చలికాలంలో గిన్నె చుట్టూ తువ్వాలు చుట్టేది అందుకు. అర లీటరుకి అర చెంచా తోడు చాలు. ఎక్కువ వేస్తే త్వరగా పులిసి నీళ్ళు విడుస్తుంది. మట్టిదాకలో తోడేస్తే మట్టి కాస్త నీటిని పీల్చి బయటికి ఆవిరి చేస్తుంది, పెరుగు చిక్కగా చల్లగా ఉంటుంది. తోడు దొరకని రోజు తొడిమ ఉన్న పచ్చిమిరపకాయ వేయడం కూడా ఉత్త నమ్మకం కాదు, కాయలూ ఆకుల మీద లాక్టిక్ బాక్టీరియా ఉంటాయి.

ఈ బాక్టీరియాని పాలనుంచి ఒంటరిగా పట్టుకున్నది ఇంగ్లండు శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్, 1870లలో. 1905లో స్టామెన్ గ్రిగొరొవ్ అనే బల్గేరియా యువకుడు తన దేశపు పెరుగులోంచి ఇంకో రకాన్ని గుర్తించాడు. దాన్ని పట్టుకుని పారిస్‌లో ఇల్యా మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త పెరుగు తింటే ముసలితనం వెనక్కి పోతుందని ప్రచారం చేశాడు. 1908లో ఆయనకి నోబెల్ వచ్చింది గానీ అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, పెరుక్కి కాదు! నా మట్టుకు నేను రోజూ పెరుగన్నం తింటూనే ముసలివాణ్ణయ్యాను.

కొందరికి పాలు ఎందుకు పడవు?

లాక్టోజ్‌ని అరిగించడానికి పేగుల్లో లాక్టేజ్ అనే ఎంజైము కావాలి. దాదాపు క్షీరదాలన్నిటికీ పసితనంలో అది ఉంటుంది, తల్లిపాలు మానాక తగ్గిపోతుంది. మనుషుల్లోనూ ఎక్కువమందికి ఇంతే. ఒక గ్లాసు పాలల్లో ఉండే 10 గ్రాముల లాక్టోజ్ అరగకుండా పెద్దపేగులోకి పోతే అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడతాయి. కడుపుబ్బరం, గడబిడ. ఇది రోగం కాదు, పాత మామూలు. ఐరోపాలో కొన్ని వేల ఏళ్ళ కిందట ఒక జన్యుమార్పు వచ్చి పెద్దయ్యాక కూడా లాక్టేజ్ ఆగకుండా చేసింది. మన దేశంలోనూ అదే మార్పు కనిపిస్తుందని 2011లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. వాయవ్య భారతంలో ఎక్కువమందికి, దక్షిణాదిలో తక్కువమందికి. ఆ మార్పు లేనివాళ్ళకి కూడా పెరుగు, మజ్జిగ సాధారణంగా పడతాయి. లాక్టోజ్‌లో కొంత బాక్టీరియా ముందే తినేస్తాయి, పైగా వాటి ఎంజైము మన కడుపులో కూడా కాస్త పనిచేస్తుంది.

పాలు అరగని మనుషులే పాడిని మొదలుపెట్టారంటే వింతగా లేదూ? ఇప్పటి టర్కీ ప్రాంతంలో క్రీస్తుపూర్వం ఏడో సహస్రాబ్ది నాటి కుండపెంకుల్లో పాలకొవ్వు ఆనవాళ్ళు దొరికాయి. పోలండులో దొరికిన 7 వేల ఏళ్ళ నాటి చిల్లుల కుండలు విరిగిన పాలగడ్డలు వడకట్టడానికి వాడినవని 2012లో తేలింది. అంటే పాలని ముందు మార్చుకుని తిన్నారు, తాగడం అలవాటైంది తరవాత. గుజరాత్‌లోని కొటడా భడ్లీ అనే హరప్పా కాలపు ఊళ్ళో క్రీస్తుపూర్వం 2500 ప్రాంతపు కుండల్లో కూడా పాల ఆనవాళ్ళు పట్టుకున్నారు. మన పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త బూడిదదిబ్బ తవ్వాడు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి, పేరుకున్న పేడని తగలబెట్టగా మిగిలిన బూడిద. పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు కూడా అలాగే ఉన్నాయి. వేల ఏళ్ళుగా మనది మందల నేల.

కవ్వం, వెన్న, నెయ్యి

పెరుగు నిలవ ఉండేది రెండు మూడు రోజులే. అంతకంటే ఎక్కువ కావాలంటే చిలకాలి. కొవ్వు బొట్టు చుట్టూ సన్నని పొర ఉంటుంది. అది ఉన్నంతసేపూ బొట్లు కలవవు. కవ్వం ఆ పొరల్ని చీలుస్తుంది. బయటపడ్డ కొవ్వు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతుంది. ఇది జరగాలంటే కొవ్వు పూర్తిగా కరిగి ఉండకూడదు, పూర్తిగా గడ్డకట్టీ ఉండకూడదు. వేసవిలో చన్నీళ్ళు, చలికాలంలో గోరువెచ్చని నీళ్ళు పోసి చిలికేది అందుకే.

వెన్నలో ఇంకా ఆరో వంతు నీరు ఉంటుంది. నీరు ఉన్నచోట క్రిమి బతుకుతుంది. కాబట్టి కాచాలి. కాచేటప్పుడు చెవి పెట్టి వినండి. మొదట చిటపటలు గట్టిగా వస్తాయి, అవి నీటిబొట్లు ఆవిరవుతున్న చప్పుడు. చప్పుడు తగ్గి, సన్నని నురగ తేలి, అడుగున గసి గోధుమరంగులోకి తిరిగితే నీరు అయిపోయినట్టే. కమ్మని వాసన కూడా ఆ ఎరుపెక్కిన గసి నుంచే, మైయార్ చెప్పిన చర్య వల్లే. అక్కడ దించకపోతే మాడు. తమలపాకో, కరివేపాకో, నాలుగు మెంతులో వేయడం వాసనకి మాత్రమే కాదు, వాటిలోని పదార్థాలు నెయ్యి త్వరగా కంపు కొట్టకుండా కొంత అడ్డుకుంటాయి. చివరికి మిగిలినదాంట్లో నూటికి 99 పైన కొవ్వే. క్రిమికి తాగడానికి చుక్క నీరు లేదు. తడి చెంచా పెట్టకుండా ఉంటే మధ్యాహ్నం దాటలేని పాలు ఇప్పుడు ఏడాది దాటతాయి. నిదానంగా చల్లారనిస్తే గట్టి కొవ్వులు ముందు గింజకట్టి పూసనెయ్యి అవుతుంది. హడావిడిగా ఫ్రిజ్‌లో పెడితే పూస రాదు.

వెన్న తీశాక మిగిలిన మజ్జిగ కూడా గొప్పదే. గుంటూరు మిరపకాయ మండినప్పుడు నీళ్ళు తాగితే మంట తగ్గదు, ఎందుకంటే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. కేసీన్ దాన్ని పట్టుకుని నాలుక మీది నుంచి లాక్కుపోతుంది. ఊరమిరపకాయల్ని చల్లలో నానబెట్టి ఎండబెట్టేవాళ్ళకి ఈ సంగతి రసాయనం చదవకుండానే తెలుసు.

జున్ను ఎవరి వాటా?

ఈ కబుర్లన్నిటిలో జున్నుది విడి దారి. నిమ్మరసం లేదు, తోడు లేదు, ఆవిరి మీద ఉడికిస్తే చాలు, కత్తితో కోసేంత గట్టిగా ముద్దకడుతుంది. ఈనిన మొదటి పూట పాలల్లో, అంటే ముర్రుపాలల్లో, మాంసకృత్తులు నూటికి 14 దాకా ఉంటాయి. అందులో ఎక్కువ భాగం రోగాల్ని ఎదిరించే ఇమ్యునోగ్లోబ్యులిన్లు. గుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తులు గట్టిపడ్డట్టే ఇవీ వేడికి గట్టిపడతాయి. మూడో రోజు పాలతో జున్ను జారిపోయేది అవి తగ్గిపోవడం వల్లే. అప్పుడు మామూలు పాలు తక్కువ కలపాలి. బెల్లం, మిరియాలు, ఏలకులు మామూలే.

అయితే ఒక మాట. మనిషి బిడ్డకి తల్లి రక్తంలోని రక్షణ కొంత కడుపులోనే అందుతుంది. దూడకి అలా అందదు. అది పుట్టాక తాగే ఆ ముర్రుపాలే దాని మొత్తం రక్షణ. పైగా దాని పేగులు ఆ ఇమ్యునోగ్లోబ్యులిన్లని మొదటి ఒక్క రోజు మాత్రమే రక్తంలోకి తీసుకోగలవు. కాబట్టి ముందు దూడ కడుపు నిండాలి, మిగిలింది మన గిన్నెలోకి.

పాలకేంద్రంలో లెక్క

నిలవ ఉండని సరుకుని అమ్మేవాడికి బేరమాడే బలం ఉండదు. కొనేవాడు ఎంతంటే అంతే, లేకపోతే పారబోసుకోవాలి. పాల రైతు శతాబ్దాలుగా నష్టపోయింది ఇక్కడే. దానికి మందు రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి కొలత. పాలసాంద్రత కొలిచే లాక్టోమీటరు నీళ్ళు కలిపితే పట్టేస్తుంది. కానీ మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది. రెండూ చేసిన గడుసువాణ్ణి అది పట్టలేదు. 1890లలో స్విట్జర్లండులో నిక్లాస్ గెర్బర్ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మాంసకృత్తుల్ని కరిగించి, గొట్టాన్ని గిర్రున తిప్పి, పైకి తేలిన కొవ్వుని గీతల మీద చదివే పద్ధతి తెచ్చాడు. మన ఊళ్ళలో వెన్న శాతాన్ని బట్టి డబ్బు కట్టడం అలా కుదిరింది. ఇప్పుడు ఆ పనే యంత్రాలు నిమిషంలో చేస్తున్నాయి.

రెండోది సహకారం. 1946లో గుజరాత్‌లోని ఆనంద్‌లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో రైతులు సొంత సంఘం పెట్టుకున్నారు. తరవాత వర్గీస్ కురియన్ అనే ఇంజనీరు వచ్చి చేరాడు. చలికాలంలో పాలు ఎక్కువైతే ఏం చేయాలన్నది వాళ్ళ చింత. గేదెపాలని పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. ఆవుపాలకి అలవాటైన యంత్రాలు వాళ్ళవి. కురియన్ స్నేహితుడు హెచ్. ఎం. దలాయా పట్టుబట్టి చేసి చూపించాడు, 1955లో ఆనంద్‌లో గేదెపాల పొడి కర్మాగారం నడిచింది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ అనే పథకం ఆ సహకార నమూనాని దేశమంతా పరిచింది. 1950-51లో 1.7 కోట్ల టన్నులున్న మన పాల ఉత్పత్తి 2023-24కి 23.9 కోట్ల టన్నులకి చేరింది. ప్రపంచంలో మనదే మొదటి స్థానం.

ఇక చివరిగా పెద్దవాడిగా నాలుగు మాటలు. పచ్చిపాలు ఆరోగ్యమని ఎవరు చెప్పినా తాగకండి, ఒక పొంగు రానివ్వండి. ప్యాకెట్ పాలని పూటకి మూడుసార్లు మరిగించక్కర్లేదు, ఒకసారి కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏడాది లోపు పసివాళ్ళకి తల్లిపాల బదులు ఆవుపాలు, గేదెపాలు పట్టకండి. పాలు సంపూర్ణాహారమన్న మాట దూడ పసితనానికి చెల్లుతుంది, మనకి పూర్తిగా చెల్లదు. పాలల్లో ఇనుము, సి విటమిన్ నామమాత్రం, పీచు అసలు లేదు. పప్పు, ఆకుకూర, ఓ పండు ఉన్న కంచం పక్కన గ్లాసెడు పాలో మజ్జిగో ఉండాలి గానీ, వాటి బదులు కాదు.